పిల్లలకు వేరుశనగ ఎలర్జీ ఉందో లేదో ఎలా తేలుస్తారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖపట్నంలో పిల్లల డాక్టర్ని. మన ఇళ్ళలో పొద్దున ఇడ్లీలోకి పల్లీ చట్నీ, ఉప్మాలో పల్లీలు, పండగొస్తే పులిహోరలో పల్లీలు, గుత్తివంకాయ మసాలాలోనూ అవే. సాయంత్రం బీచ్‌కి వెళ్తే ముంత మసాలాలో మళ్ళీ పల్లీలే. ఇలాంటి ఊళ్ళో ఒక బిడ్డకు "వేరుశనగ పడదు" అని చీటీ మీద రాసివ్వడం చిన్న విషయం కాదు, ఆ ఇంటి వంట మొత్తం మారిపోతుంది. అలాగని నిజంగా పడని బిడ్డ విషయంలో ఆ మాట చెప్పకుండా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండు తప్పులూ నేను చూశాను. గాజువాక, భీమిలి, అనకాపల్లి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

పల్లీ చట్నీ తిన్న కాసేపటికి బాబుకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. ఇది ఎలర్జీయేనా?

అయ్యే అవకాశం బాగా ఉంది. వేరుశనగ ఎలర్జీ సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల్లో మొదలవుతుంది, రెండు గంటలు దాటడం అరుదు. ఎర్రగా ఉబ్బెత్తుగా లేచే దద్దుర్లు, దురద, పెదవులూ కళ్ళూ వాయడం, వాంతులు, కడుపునొప్పి, ఆగని దగ్గు, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, పిల్లికూతలు, చివరికి బిడ్డ పాలిపోయి సోలిపోవడం వరకూ దీని లక్షణాలే. అన్నీ రావాలని లేదు. ఒక్కటే వచ్చి ఆగిపోవచ్చు.

ఏడాదిలోపు పిల్లలకు మూతి చుట్టూ మాత్రమే ఎర్రగా కంది అరగంటలో పోతే అది చట్నీలోని చింతపండో, కారమో, టమాటానో లేత చర్మాన్ని మండించడం వల్ల కూడా కావచ్చు. ఆ మరక ఎక్కడి వరకు పాకిందో గమనించండి. చట్నీ అంటని చోట, అంటే పొట్ట మీద, వీపు మీద, తొడల మీద దద్దుర్లు లేచాయంటే అది లోపలి నుంచి వచ్చిందే.

తిన్న మరుసటి రోజు ఒళ్ళు దురద పెట్టింది. దాన్నీ లెక్కలోకి తీసుకోవాలా?

ఒక రోజు తర్వాత వచ్చిన దద్దుర్లకు వేరుశనగను నిందించలేం. పిల్లల్లో దద్దుర్లకు అన్నిటికంటే పెద్ద కారణం వైరస్ జ్వరాలు, తిండి కాదు. అయితే తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య ఆపకుండా వాంతులు చేసుకుని బిడ్డ నీరసపడిపోతే అది ఇంకో రకం తిండి ఎలర్జీ. చర్మ పరీక్షలోనూ రక్తపరీక్షలోనూ అది సాధారణంగా కనిపించదు. అలా జరిగితే ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి.

మా నానమ్మ "పల్లీలు పైత్యం, వేడి చేసిందిలే" అంటోంది.

పెద్దవాళ్ళు "పడలేదు" అన్న మాటను నేనెప్పుడూ తీసిపారేయను. బిడ్డ ముఖం మారడం ముందుగా కనిపెట్టేది వాళ్ళే. కానీ పైత్యం అనే మాటలో మనం చాలా కలిపేస్తాం. ఎక్కువ తిని అజీర్తి చేయడం, ముక్కి చేదెక్కిన గింజలు తిని వాంతి కావడం ఎలర్జీలు కావు. తేడా ఒక్కటి గుర్తుంచుకోండి. అజీర్తి మోతాదును బట్టి వస్తుంది, ఎలర్జీకి అర గింజ చాలు. తిన్న ప్రతిసారీ అదే వరసలో, అంతే త్వరగా వస్తోందంటే పైత్యం అనుకుని ఊరుకోవద్దు.

మన దేశంలో ఇది అసలు ఉందా? అమెరికా వాళ్ళ జబ్బు అంటారే?

ఉంది, అయితే అక్కడికంటే చాలా తక్కువ. కర్ణాటకలో, బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో జరిగిన పెద్ద సర్వేలో పెద్దవాళ్ళలో 26.5 శాతం మందికి ఏదో ఒక తిండి మీద రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. తిన్నప్పుడు లక్షణాలు కూడా ఉండి, ఎలర్జీ ఉందని నమ్మదగ్గవాళ్ళు 1.2 శాతమే. బడి పిల్లల్లో అలాంటివాళ్ళు 0.14 శాతం. అది అన్ని తిండ్లూ కలిపి.

26.5, 1.2 అనే ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. పాజిటివ్ వచ్చిన వాళ్ళలో ఎలర్జీ ఉన్నవాళ్ళు పిడికెడు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా దాదాపు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మొదటిసారి తిన్నప్పుడే వచ్చింది. ఒకసారైనా తినకుండా ఎలర్జీ ఎలా వస్తుంది?

నోటి ద్వారా తినకపోయినా చర్మం ద్వారా వేరుశనగ లోపలికి పరిచయం అయి ఉండవచ్చు. ఎగ్జిమా, అంటే పొడిబారి దురదపెట్టే చర్మవ్యాధి, ఉన్న పసిబిడ్డ చర్మం పగిలి ఉంటుంది. పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, పొడి కొట్టే ఇంట్లో ఆ ధూళి చేతుల మీద, పక్క మీద ఉంటుంది. పగిలిన చర్మం గుండా వెళ్ళిన ఆ కాస్త ప్రోటీన్‌ను శరీరం శత్రువు అనుకుని ఐజీఈ అనే యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంటుంది. తర్వాత మొదటి ముద్ద నోట్లో పడగానే అవి పని మొదలుపెడతాయి. ఎగ్జిమా బాగా ఉన్న పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ ఎక్కువగా కనబడటానికి ఇదొక ముఖ్య కారణం.

పల్లీ గింజ తింటూ ఒక్కసారిగా దగ్గు పట్టుకుంది. ఎలర్జీయా, గొంతులో ఇరుక్కుందా?

ఇది చాలా ముఖ్యమైన ప్రశ్న. నవ్వుతూనో పరిగెడుతూనో గింజ నములుతున్న రెండేళ్ళ బిడ్డకు హఠాత్తుగా దగ్గు వచ్చి ముఖం కందిపోతే ముందు అనుమానించాల్సింది గింజ శ్వాసనాళంలోకి జారిందేమో అని. ఆ దగ్గు కాసేపటికి తగ్గినట్టే తగ్గి, తర్వాత వారాల తరబడి దగ్గు, ఒకవైపే పిల్లికూతలు, తగ్గని నిమ్ము అంటూ తిరుగుతారు. ఎలర్జీ అయితే దగ్గుతో పాటు దద్దుర్లో, వాపో, వాంతో మరేదో కూడా సాధారణంగా ఉంటుంది. గింజ జారిన అనుమానం ఉంటే ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సరే బ్రాంకోస్కోపీ, అంటే శ్వాసనాళంలోకి గొట్టం పంపి చూసే పరీక్ష, చేయగలిగే ఆసుపత్రికి వెళ్ళాలి.

నాలుగైదేళ్ళు నిండే దాకా ఏ బిడ్డకూ పల్లీలను గింజలుగా పెట్టొద్దు. పొడి, చట్నీ, మెత్తగా నూరిన ముద్ద, ఇవే పెట్టాలి. చిక్కీ కూడా ఆ వయసుకు గట్టిదే.

డాక్టరు ముందు ఏ టెస్టు రాస్తారు?

ముందు టెస్టు రాయకూడదు. ముందు జరిగింది వినాలి. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎన్ని నిమిషాలకు మొదలైంది, ఏది ముందు ఏది తర్వాత, ఏ మందు వేశారు, ఎంతసేపట్లో తగ్గింది, అంతకుముందు వేరుశనగ తిన్నాడా, ఆ తర్వాత పొరపాటున ఎప్పుడైనా తిన్నాడా. ఆ రోజు జ్వరం ఉందా, తినగానే ఆటకు పరిగెత్తాడా అన్నది కూడా అడుగుతాం. జ్వరం, పరుగు ఎలర్జీని పెంచుతాయి. ఉబ్బసం, ఎగ్జిమా ఉన్నాయా, గుడ్డు పడుతుందా అన్నవీ అడుగుతాం. వేరుశనగ ఎలర్జీ నిర్ధారణలో సగానికి పైగా పని ఈ మాటల్లోనే అయిపోతుంది.

ఒకావిడ తన మూడేళ్ళ బాబును తీసుకొచ్చినప్పుడు మాటలకు బదులు ఫోను నా చేతిలో పెట్టింది. 8 గంటల 10 నిమిషాలకు తీసిన ఫొటోలో బాబు ఇడ్లీ ప్లేటు ముందు నవ్వుతున్నాడు, చట్నీ వేలికి అంటుకుని ఉంది. 8:22 ఫొటోలో కింది పెదవి ద్రాక్షపండులా ఉబ్బి ఉంది. 8:25కి ఆమె భర్తకు పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. "ఏవండీ, వీడి మూతి వాచిపోయిందండీ" అంటున్న ఆమె గొంతు వెనక బాబు ఆగకుండా దగ్గుతున్నాడు. ఆ దగ్గు సంగతి ఆవిడ నాకు చెప్పలేదు, ఆ గాభరాలో గమనించనేలేదు. పెదవి వాపు ఒక్కటే అయితే ఒక మాట, దగ్గు కలిస్తే అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ. ఆ పదిహేను నిమిషాలు ఏ ల్యాబ్ రిపోర్టూ చెప్పలేని సంగతి చెప్పాయి.

కాబట్టి అలా జరిగితే, బిడ్డకు చేయాల్సింది చేశాక, ఫొటోలు తీయండి. ఏ పూట ఏం తిన్నాడో అదే రోజు కాగితం మీద రాసుకోండి. పొడి ప్యాకెట్టో చిక్కీ కవరో పారేయకుండా తెండి.

చర్మ పరీక్ష ఎలా చేస్తారు? చాలా సూదులు గుచ్చుతారా?

పిల్లలు అనుకున్నంత భయపడరు. ముంజేతి లోపలివైపు పెన్నుతో చిన్న గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో చుక్క వేస్తాం. ఒకటి వేరుశనగ సారం. ఒకటి హిస్టమిన్, అది తప్పక పొంగాలి. ఒకటి ఉత్త సెలైన్, అది పొంగకూడదు. ఈ రెండూ లేని చర్మ పరీక్షను నమ్మలేం. ప్రతి చుక్క మీదుగా చిన్న మొన ఉన్న లాన్సెట్‌తో చర్మం పైపొరను తాకిస్తాం, రక్తం రాదు. తర్వాత పావుగంట ఆగాలి. ఆ పావుగంటా గోక్కోకుండా చూడటమే కష్టం. ఆ సమయానికి హిస్టమిన్ పెట్టిన చోట దోమ కుట్టినట్టు తెల్లగా ఉబ్బుతుంది, చుట్టూ ఎర్రగా అవుతుంది. వేరుశనగ దగ్గర పొంగు ఎంత వచ్చిందో స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. సెలైన్ కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే పాజిటివ్ అంటాం.

పసిబిడ్డలకూ చేయవచ్చు. కొన్నిసార్లు ఇంట్లో వాడే వేరుశనగనే తెమ్మని, దానిలో గుచ్చిన మొననే చర్మానికి తాకించి చూస్తాం.

రెండు జాగ్రత్తలు ఉన్నాయి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, అవిల్ లాంటి ఎలర్జీ మందులు పరీక్షకు దాదాపు వారం ముందే ఆపాలి, లేకపోతే ఏదీ పొంగదు. జలుబు సిరప్‌లలో కూడా ఈ జాతి మందులే ఉంటాయి, చాలామందికి తెలియక వేసేస్తారు. ఇక బిడ్డకు పెద్ద రియాక్షన్ వచ్చిన వెంటనే ఈ పరీక్ష చేస్తే తప్పుగా నెగెటివ్ రావచ్చు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం మంచిది.

రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలి?

సెట్రిజిన్ ఆపలేని పిల్లలకు, ఒళ్ళంతా ఎగ్జిమా ఉండి చర్మ పరీక్షకు ఖాళీ చోటు లేని పిల్లలకు, చర్మ పరీక్ష చేసేవాళ్ళు దగ్గర్లో లేనప్పుడు. వేరుశనగ మీద ఐజీఈ ఎంత ఉందో అందులో కొలుస్తారు. చీటీ మీద "వేరుశనగ ఐజీఈ" అని ఒక్కదాని పేరే రాయించుకోండి. మొత్తం ఐజీఈ ఎక్కువ ఉన్నంత మాత్రాన వేరుశనగ గురించి ఏమీ తెలియదు. కడుపులో పురుగులు ఉన్నా అది పెరుగుతుంది.

ల్యాబ్ ప్యాకేజీలో యాభై అరవై రకాలకు టెస్టు చేశారు. వేరుశనగ పాజిటివ్ వచ్చింది. మాన్పించేయాలా?

బిడ్డ ఇన్నాళ్ళూ వేరుశనగ తింటూ ఏ ఇబ్బందీ లేకుండా ఉంటే, మాన్పించవద్దు. ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నాలుగేళ్ళ బాబును ఒకరోజు తీసుకొచ్చారు. తెల్లారేసరికి తుమ్ములు, ముక్కు కారడం, అదీ అతని సమస్య. ఎవరో ప్యాకేజీ టెస్టు చేయించమన్నారు. రిపోర్టులో పదహారు వాటి ఎదురుగా ఎర్ర గుర్తు ఉంది. వేరుశనగ, పాలు, గుడ్డు, కందిపప్పు, శనగపప్పు, గోధుమ, వంకాయ. తల్లి ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించి అన్నీ మాన్పించింది. ఎనిమిది నెలల్లో బాబు బరువు పెరగలేదు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. "అంతకుముందు పల్లీ చిక్కీ తినేవాడా?" అని అడిగితే, "రోజూ తినేవాడు మేడమ్, చిక్కీ అంటే ప్రాణం" అంది. తిన్నప్పుడు ఏమైంది అంటే ఏమీ కాలేదు. వాడి తుమ్ములకు కారణం పరుపులోని ధూళి పురుగులు. మన సముద్రపు తేమలో అవి బాగా పెరుగుతాయి.

రక్తంలో ఐజీఈ కనిపిస్తే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని అర్థం. గుర్తుపట్టినంత మాత్రాన తగువు పడుతుందని కాదు. ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో ఎనిమిదేళ్ళ పిల్లల మీద జరిగిన పరిశోధన 2010లో అచ్చయింది. అందులో వేరుశనగ పరీక్ష పాజిటివ్ వచ్చిన పిల్లల్లో నిజంగా ఎలర్జీ ఉన్నది దాదాపు 22 శాతం మందికే. మిగతా పిల్లలు హాయిగా తినగలరు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. టెస్టు పాజిటివ్ అయినా తింటూ తట్టుకుంటున్న బిడ్డకు ఉత్తపుణ్యానికి నెలల తరబడి మాన్పిస్తే, ఆ తట్టుకునే శక్తి పోయి, మళ్ళీ పెట్టినప్పుడు నిజం ఎలర్జీ బయటపడవచ్చు. లేని జబ్బును మనమే తెచ్చిపెట్టినట్టు అవుతుంది. అందుకే ప్యానెల్ టెస్టులు రాయొద్దని, రాయించుకోవద్దని నా విన్నపం.

రిపోర్టులో నెంబరు ఎక్కువగా ఉంటే రియాక్షన్ కూడా అంత పెద్దగా వస్తుందా?

రాదు. నెంబరు పెరిగితే ఎలర్జీ నిజంగా ఉండే అవకాశం పెరుగుతుంది, అంతే. చర్మం మీద 8 మిల్లీమీటర్లు దాటితే, లేదా రక్తంలో 15 యూనిట్లు దాటితే, లక్షణాలు కూడా కలిసినప్పుడు, ఎలర్జీ ఉన్నట్టే అంటారు. ఈ గీతలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల, ఆస్ట్రేలియా పిల్లల మీద గీసినవి, మన పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా చదవాలి. చిన్న నెంబరు ఉన్న బిడ్డకు పెద్ద రియాక్షన్ రావడం, పెద్ద నెంబరు ఉన్న బిడ్డకు నాలుగు దద్దుర్లతో పోవడం రెండూ జరుగుతాయి. ఉబ్బసం అదుపులో లేని బిడ్డ గురించి నేను ఎక్కువ భయపడతాను, నెంబరు ఎంతైనా సరే.

"ఎరా హెచ్ 2" అనే టెస్టు ఎందుకు?

వేరుశనగలో ఎన్నో ప్రోటీన్లు ఉన్నాయి. కొన్ని పుప్పొడిలోని ప్రోటీన్లను పోలి ఉంటాయి, వాటి మీద ఐజీఈ ఉన్నా పెద్దగా హాని లేదు. ఎరా హెచ్ 2 గింజలో దాచుకున్న నిల్వ ప్రోటీన్. వేడికి, కడుపులోని ఆమ్లానికి చెదరదు. దాని మీద ఐజీఈ ఉంటే నిజమైన ఎలర్జీ అనుకోవడానికి బలం వస్తుంది. మామూలు టెస్టుకూ జరిగినదానికీ పొత్తు కుదరనప్పుడు ఇది పనికొస్తుంది. ఖర్చుతో కూడినది, అందరికీ అక్కర్లేదు.

ఐజీజీ టెస్టు, "ఫుడ్ ఇన్‌టాలరెన్స్" ప్యాకేజీ, వెంట్రుకల పరీక్ష?

వీటిలో ఏదీ ఎలర్జీని చెప్పదు. ఐజీజీ అనేది ఐజీఈ కాదు, ఇంకో రకం యాంటీబాడీ. మనం తిన్న తిండి మీద అది అందరికీ ఉంటుంది. డబ్బు వృథా చేసుకోకండి.

ఇంట్లోనే ఒక అర గింజ నాలుక మీద పెట్టి చూడొచ్చా?

ఒకసారి రియాక్షన్ వచ్చిన బిడ్డకు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పెదవికి రాయడం, చేతికి రుద్దడం కూడా వద్దు. క్రితంసారి దద్దుర్లతో పోయింది కాబట్టి ఈసారీ అంతేనని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఆసుపత్రిలో తినిపించి చూసే పరీక్ష అంటే ఏమిటి?

దీన్ని ఓరల్ ఫుడ్ చాలెంజ్ అంటారు. చెప్పిన సంగతులు ఒకవైపు, టెస్టులు ఇంకోవైపు లాగుతున్నప్పుడు తీర్పు చెప్పేది ఇదే. దీన్ని మించిన పరీక్ష లేదు.

బిడ్డకు జ్వరం, జలుబు, ఆయాసం లేని రోజు చూసుకుని పొద్దున్నే రావాలి. ముందుగానే అడ్రినలిన్ (తీవ్రమైన ఎలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్) మోతాదు లెక్కగట్టి, మందు పక్కనే సిద్ధంగా పెట్టుకుంటాం. ఒక గింజలో సుమారు 250 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. మొదటి మోతాదు అందులో వందో వంతు, అంటే పొడిగా నూరి అరటిపండు గుజ్జులో కలిపితే కంటికి ఆనదు. పావుగంట నుంచి అరగంటకోసారి మోతాదు దాదాపు మూడింతలు చేసుకుంటూ పోతాం. ప్రతిసారీ ముందు చర్మం చూసి, ఊపిరి విని, నాడి చూసి ఇస్తాం. ఏ లక్షణమైనా స్పష్టంగా వస్తే ఆపేసి మందిస్తాం, ఎలర్జీ తేలినట్టే. చివరి మోతాదు కూడా తిని ఏమీ కాకపోతే ఇంకో రెండు గంటలైనా కూర్చోబెట్టి పంపిస్తాం. ఒక పూట పైనే పడుతుంది, బొమ్మలు, పుస్తకాలు తెచ్చుకోండి.

ఒక పాప ఇందులో ఆఖరి చెంచా మింగి "ఇంకా ఉందా?" అని అడిగింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో తాలింపులో కూడా పల్లీ వేయలేదు. వాళ్ళమ్మ ఆ చెంచా కేసి చూస్తూ కన్నీళ్ళు పెట్టుకుంది.

ఇటీవలే పెద్ద అనాఫిలాక్సిస్ వచ్చి, టెస్టులు కూడా గట్టిగా పాజిటివ్ ఉన్న బిడ్డకు ఈ పరీక్ష అవసరం లేదు, చేయకూడదు కూడా. క్లినిక్‌లో ఒక గదిలో చేసేది కాదు ఇది. అత్యవసర వైద్యం అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి.

ఎలర్జీ ఉందని తేలింది. కందిపప్పు, శనగపప్పు, పెసలు కూడా మానాలా? జీడిపప్పు?

వేరుశనగ పప్పుజాతిదే. కాబట్టి పప్పుల టెస్టులు కూడా తరచు పాజిటివ్ వస్తాయి. కానీ ఎక్కువమంది పిల్లలు పప్పులన్నీ మామూలుగా తింటారు. ఇప్పటికే తింటున్న పప్పును మాన్పించొద్దు. మన పిల్లలకు పప్పన్నం తీసేస్తే ఇక మిగిలేదేముంది?

జీడిపప్పు, బాదం వేరే చెట్ల గింజలు, అయినా వేరుశనగ పడని పిల్లల్లో కొందరికి అవీ పడవు. నువ్వులు కూడా అంతే. ఇంతవరకు తినని వాటి గురించి డాక్టరును అడిగి పెట్టండి. తింటున్నవి తిననివ్వండి.

వేరుశనగ నూనె సంగతి? గానుగ నూనె మంచిదంటున్నారు కదా.

బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెలో ఉంటుంది. ఎలర్జీ ఉన్న బిడ్డ ఇంట్లో వేరుశనగ గానుగ నూనె వద్దు.

ఉడకబెట్టిన కాయలు తింటే ఏమీ కావట్లేదు, వేయించినవి తింటేనే వస్తోంది. ఇలా ఉంటుందా?

ఉండొచ్చు. వేయించినప్పుడు ప్రోటీన్లు ఐజీఈకి ఇంకా గట్టిగా అతుక్కునేలా మారతాయి. ఉడికించినప్పుడు కొంత ప్రోటీన్ నీళ్ళలోకి దిగిపోతుంది. డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పండి, నిర్ధారణకు పనికొస్తుంది. అంతేగానీ ఉడికినవి సురక్షితం అనుకుని పెట్టేయకండి.

మళ్ళీ రియాక్షన్ వస్తే వెంటనే ఏం చేయాలి?

చర్మం మీద దద్దుర్లు మాత్రమే ఉంటే డాక్టరు రాసిన ఎలర్జీ మందు వేసి కనిపెట్టుకుని ఉండండి. దగ్గు, ఆయాసం, గొంతు బొంగురు, మళ్ళీ మళ్ళీ వాంతులు, సోలిపోవడం, వీటిలో ఏది కనబడినా అది అనాఫిలాక్సిస్ అనుకోవాలి. అప్పుడు ప్రాణం కాపాడే మందు అడ్రినలిన్ ఒక్కటే. సెట్రిజిన్, అవిల్ దానికి బదులు కావు. ఇంజెక్షన్ తొడ బయటివైపు మధ్యభాగంలో కండలోకి ఇవ్వాలి. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము, అంటే ఒక మి.లీ.లో ఒక మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి పది కిలోల బిడ్డకు 0.1 మి.లీ. పిల్లలకు ఒక్కసారికి 0.3 మి.లీ. మించకూడదు.

విదేశాల్లోలాగా పెన్నులా ఉండే ఆటో ఇంజెక్టరు మన మందుల షాపుల్లో సులభంగా దొరకదు. అందుకని ఆంప్యూల్, సన్న సిరంజి, మీ బిడ్డ మోతాదు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, ఈ మూడూ ఒక డబ్బాలో పెట్టించుకుని, ఇంజెక్షన్ ఎలా తీయాలో డాక్టరు ముందు నీళ్ళతో నాలుగుసార్లు చేసి చూపించి నేర్చుకోండి. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో ఆ డబ్బా ఉంచకండి. ఫ్రిజ్‌లోనూ వద్దు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. బిడ్డను పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టండి, ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి, నడిపించకండి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే రెండో మోతాదు ఇవ్వాలి. తగ్గినా సరే విశాఖలోని కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మీకు దగ్గరున్న ఆసుపత్రికో వెళ్ళి కొన్ని గంటలు ఉండాలి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టే బిడ్డలు ఉన్నారు.

బడిలో చిక్కీ ఇస్తారు. టీచరుకు ఏమని చెప్పాలి?

మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు వారంలో కొన్ని రోజులు వేరుశనగ చిక్కీ ఇస్తారు. మంచి పథకం, మిగతా పిల్లలకు ఆపమని అడగక్కర్లేదు. నోటితో చెప్పి వదిలేయకుండా, బిడ్డ ఫొటో అంటించిన ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి. ఏది తినకూడదు, ఏ లక్షణాలు వస్తే ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. హెడ్‌మాస్టరుకు, క్లాసు టీచరుకు, వండే అమ్మకు తలా ఒక ప్రతి.

ప్యాకెట్ తిండి మీద వేరుశనగ ఉంటే ఆ సంగతి రాయాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. పీనట్, గ్రౌండ్‌నట్, మూంగ్‌ఫలీ, అరాకిస్ ఆయిల్ అన్నీ మన వేరుశనగే. విడిగా అమ్మే స్వీట్లకు, బళ్ళ మీది మిక్చర్లకు అలాంటి చీటీ ఉండదు, అడిగి తెలుసుకోవాల్సిందే. అడిగినా, అదే గరిటె అన్నిటిలోనూ తిరుగుతుంది.

పెద్దవాడికి ఎలర్జీ ఉంది. ఆర్నెల్ల చెల్లెలికి ముందే టెస్టు చేయించాలా?

ఒంట్లో బాగుంటే, ఎగ్జిమా లేకపోతే టెస్టు అక్కర్లేదు. ఆలస్యం చేయడమే తప్పు. ఒకప్పుడు అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడేళ్ళ దాకా వేరుశనగ పెట్టొద్దని 2000లో చెప్పింది, 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. 2015లో లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన లీప్ పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందరూ ఎగ్జిమా ఎక్కువగా ఉన్నవాళ్ళో, గుడ్డు పడనివాళ్ళో. 4 నుంచి 11 నెలల మధ్య మొదలుపెట్టి అయిదేళ్ళ దాకా వేరుశనగ తిన్న పిల్లల్లో, అసలు తినని వాళ్ళకంటే ఎలర్జీ 81 శాతం తక్కువగా వచ్చింది.

పాపకు ఇతర ఆహారం అలవాటయ్యాక, బాగా వేయించి మెత్తగా పొడి చేసిన వేరుశనగను రాగిజావలో చెంచా కొనంత కలిపి, పగటిపూట, మీరు దగ్గర ఉండి పెట్టండి. ఏమీ కాకపోతే మెల్లగా పెంచి వారంలో రెండు మూడుసార్లు పెడుతూనే ఉండండి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు డాక్టరుకు చూపించి అప్పుడు మొదలుపెట్టండి. ఆ పొడి పెద్దవాడికి అందని చోట పెట్టి, వేరే చెంచా వాడండి. తల్లి పాలిస్తున్నప్పుడు తను వేరుశనగ మానాల్సిన అవసరం లేదు.

వయసొచ్చాక తగ్గిపోతుందా?

అయిదుగురిలో సుమారు ఒకరికి తగ్గుతుంది. పాలు, గుడ్డు ఎలర్జీల్లాగా ఎక్కువమందికి తగ్గేది కాదు ఇది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి పరీక్ష మళ్ళీ చేసి, పొంగు చిన్నదవుతూ, ఐజీఈ పడిపోతూ ఉంటే, తినిపించి చూసే పరీక్షకు రమ్మంటాం. తగ్గిందని తేలాక మాత్రం తినకుండా వదిలేయకూడదు. కొందరు భయంతో ముట్టరు, అలాంటప్పుడు ఎలర్జీ తిరిగి రావచ్చు. ఎంత పెట్టాలో రాసిస్తాం, వారంలో కనీసం రెండు మూడుసార్లు ఇంటి వంటలోనే పెట్టండి. తగ్గిందని తేలిన మొదటి నెల చట్నీ ఇంట్లోనే నూరండి. అడ్రినలిన్ డబ్బా ఎప్పుడు పక్కన పెట్టాలన్నది డాక్టరు చెప్పే దాకా అలమరలోనే ఉంచండి, గడువు తేదీ చూసుకుంటూ.